కుడివైపు స్పీకరు

కొండల్ మేస్త్రీ ఫోన్ చేసినప్పుడు భానుప్రసాద్ ఆదిలాబాద్‌లో ఒక నిచ్చెన మీద నిలబడి ఉన్నాడు.

జిన్నింగ్ మిల్లు సేటు ఓంప్రకాశ్ ఇంటి హాలు అది. గోడను తొలిచి, లోపల స్పీకర్లు బిగించి, పైన పల్చగా పుట్టీ పూసి, రంగు కొడితే ఇక ఆ ఇంట్లో స్పీకర్లున్నాయని ఎవరూ చెప్పలేరు. గోడే పాడుతుంది, గోడే ఉరుముతుంది. మంచిర్యాలలో దుకాణం పెట్టుకున్న భానుకు ఈ పనిలో మంచి పేరుంది. కరీంనగర్ నుంచి కూడా కబుర్లు వస్తుంటాయి.

"తమ్మీ, ఆదివారం సదానందం కాక ఇంట్ల స్లాబు," అన్నాడు కొండల్. "యాటను తెచ్చి కట్టేసిన్రు. నిన్ను తప్పకుంట పిలువుమన్నడు కాక. పొద్దుగాల్నే రా."

"ఏ స్లాబు అన్నా?"

"ఏ స్లాబేంది? పైన ఇంకో అంతస్తు ఏస్తుండు గదా. పిల్లర్లు ఎప్పుడో లేపినం. నీకు ఎరుకలేదా?"

ఎరుకలేదు. భాను నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాడు.

"ఇనవడ్తుందా తమ్మీ?"

"ఇనవడ్తుందన్నా. వస్త."

ఫోన్ జేబులో వేసుకుని కిందికి దిగాడు. ఓంప్రకాశ్ సేటు సోఫాలోంచి తలెత్తి చూశాడు.

"కాయ్ ఝాలా భానూ, ఏమైంది? మొకం గట్ల తెల్లవడ్డదేంది? కరెంటు గిట్ల కొట్టిందా?"

"ఏం లేదు సేట్. ఎండకు."

బయట మబ్బు పట్టి ఉంది. సేటు కిటికీలోంచి ఆకాశాన్ని, మళ్లీ భానును చూశాడు.

భాను కళ్లముందున్నది ఆ హాలు కాదు. బెల్లంపల్లిలో సదానందం ఇంటి హాలు. టీవీకి కుడివైపు, మనిషి ఛాతీ ఎత్తున, లేత పిస్తా రంగు కింద తను దాచిపెట్టిన కోత.

పోయినేడు వానాకాలంలో చేసిన పని అది. సదానందం బొగ్గుబావిలో దిగిన మనిషి. పదవీ విరమణ కాగానే ఒకే ఒక్క కోరిక కోరాడు. ఇన్నేళ్లు చీకట్లో మిషన్ల మోత విన్న చెవులకు ఇక మంచి చప్పుడు వినిపించాలని. ఆ ఇంటిని పునాది నుంచి కట్టింది కొండల్. భానును ఆ ఇంటికి తీసుకొచ్చిందీ కొండలే. "మా తమ్ముడసొంటోడు కాకా, కండ్లు మూసుకొని ఇయ్యి పని," అని పూచీ పడ్డాడు.

ఎడమవైపు ఇటుక వెన్నలా ఊడొచ్చింది. స్పీకరు చక్కగా కూర్చుంది. కుడివైపు మిషను పెట్టగానే ఎర్రదుమ్ము పోయి బూడిదరంగు దుమ్ము రాలింది. ఇటుక కాదు, సిమెంటు. గోడలో కలిసిపోయిన పిల్లరు.

అప్పుడే ఆగాల్సింది. రెండు స్పీకర్లనూ జరిపి, ఎడమవైపు బొక్క పూడ్చి, మళ్లీ మొదటి నుంచి చెయ్యాల్సింది. కానీ ఆ సాయంత్రమే చుట్టాలందరినీ పాట వినడానికి పిలిచాడు సదానందం. కొండల్ సిమెంటు బస్తా కోసం బజారుకు పోయాడు. హాల్లో ఎవరూ లేరు. భాను ఒక్క క్షణం తటపటాయించి గ్రైండర్ అందుకున్నాడు. సిమెంటును తొలిచాడు. అడ్డమొచ్చిన ఇనుప రింగులు కోశాడు. రింగుల వెనక నిలువు రాడ్లు తగిలాయి. వాటిలో రెంటిని కోశాడు. నిప్పురవ్వలు ఎగిసి చేతి మీద పడ్డాయి. పైన ఒట్టి డాబానే కదా, ఒక్క అంతస్తు ఇల్లే కదా, మిగతా పిల్లర్లు మోస్తాయిలే అని తనకు తాను చెప్పుకున్నాడు.

కొండల్ తిరిగి వచ్చేసరికి తీగ జాలీ బిగించి పుట్టీ పూసే పని అయిపోయింది. కొండల్ అరచేతితో గోడను నిమిరాడు. "పనంటె నీది తమ్మీ. ఏడ కోసినవో నాకే దొరుకుతలేదు," అన్నాడు.

ఆ గోడ ఫొటోనే భాను ఫోన్‌లో అన్నిటికంటే ముందు ఉంటుంది. కొత్త గిరాకీ ఎవరొచ్చినా మొదట దాన్నే చూపిస్తాడు. చూపించిన ప్రతిసారీ కుడివైపు కోత గుర్తొస్తుంది. ఆ మరుక్షణమే గిరాకీ మెచ్చుకుంటాడు, కోత మరుగున పడుతుంది. ఏడాదంతా అలాగే గడిచింది.

ఇప్పుడు ఆ పిల్లరు మీద ఇంకో పిల్లరు లేచింది. దాని మీద ఆదివారం పచ్చి కాంక్రీటు పడబోతోంది.

శనివారం పొద్దున్నే బండి తీశాడు. భార్య నర్మద టిఫిన్ ప్లేటు పట్టుకుని గడప దాకా వచ్చింది.

"రాత్రి తినలే, ఇప్పుడు తినవు. యాడికి?"

"బెల్లంపల్లికి. సదానందం కాక ఇంటికి."

"దావత్ రేపు గదా?"

"జర చూసొచ్చేది ఉంది."

"ఏందో చెప్తె నేను సుత పరేషాన్ అయిత గదా. ఒక్కనివే అవుడెందుకు?" అంది నర్మద.

భాను బండి స్టార్ట్ చేశాడు.

సదానందం ఇల్లు దూరం నుంచే కనబడింది. డాబా మీద కొత్త పిల్లర్లు, వాటి మీద సెంట్రింగ్ పలకలు, పలకల మీద చాపలా అల్లిన రాడ్లు. గేటు దగ్గర కట్టేసిన యాట వేపకొమ్మ నములుతోంది. స్లాబు పడిన రోజు పనోళ్లకు యాట కోసి కడుపునిండా పెట్టకపోతే ఆ కప్పు నిలవదని ఈ దిక్కున నమ్మకం.

"రేపనంగ ఇయ్యాల్నే దిగినవా బిడ్డా?" సదానందం భార్య కోమల నవ్వుతూ ఎదురొచ్చింది. "యాట వాసన మంచిర్యాల దాక వచ్చిందా?"

"సర్వీసు ఉంటది చిన్నమ్మా. ఏడాది దాటింది గదా, ఒక్కపారి చూసి పోదామని."

హాల్లోకి అడుగుపెట్టి ఆగిపోయాడు.

టీవీలో సీరియల్ వస్తోంది. సదానందం తల్లి రామవ్వ కాళ్లు బారజాపుకుని, టీవీకి కుడివైపు గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. తెరవైపు చూడడం లేదు. కళ్లు మూసుకుని, సరిగ్గా ఆ స్పీకరున్న చోటే, పిల్లి పొయ్యికి ఒదిగినట్టు ఒదిగి ఉంది.

"చెవులు పనిచేస్తలెవ్వు గదా," అంది కోమల. "ఈపుతోని ఇంటది. గోడ వణుకుతదట. ఎవరు ఏడుస్తున్నరు, ఎవరు తిడుతున్నరు, అంత ఈపుకే తెలుస్తదట. జరుగుమంటె జరుగదు. అన్నం సుత గాన్నే."

రామవ్వ కళ్లు తెరిచి భానును గుర్తుపట్టింది. "గోడకు నోరు పెట్టినోనివి నువ్వే గదా," అంది పెద్ద గొంతుతో. "సల్లగుండు కొడుకా. నీ కడుపు సల్లగుండ."

భాను తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తినప్పుడు గీత కనబడింది. రామవ్వ తలకు కొంచెం పైన మొదలై, ఏటవాలుగా పాకి, కప్పు దాకా పోయింది. మొదట్లో సన్నంగా ఉంది. పైకి పోయినకొద్దీ వెడల్పయింది. అందులో గోరు పడుతుంది.

"అది ఎప్పటి సంది చిన్నమ్మా?"

"పైన పిల్లర్లు లేసినంక పడ్డది. కాకనడుగు."

సదానందం వెనక నుంచి వచ్చి భాను భుజం తట్టాడు. పొడుగాటి మనిషి, చేతిలో ఎప్పుడూ ఒక వెదురుకర్ర ఉంటుంది. "అది బ్లాస్టింగ్ గీత," అన్నాడు తేలిగ్గా. "ఓపెన్ కాస్టుల మందు కాలిస్తె ఇంట్ల గిన్నెలు ఎగురుతయి. గీ బెల్లంపల్లిల గీత లేని గోడ ఉంటదా? మా ఇంటికి ఆలిశంగ వచ్చింది, అంతే."

"జర మంచిగ చూడాలె కాకా."

"నేను చూడలేదనుకున్నవా?" సదానందం వెదురుకర్ర తిప్పి పట్టుకున్నాడు. "బావిల దిగంగనే మేం చేసేది గిదే బిడ్డా. కర్రతోని పైకప్పును కొట్టి చూస్తం. గట్టిగుంటె ఖంగుమంటది. డొల్ల ఉంటె డబ్బుమంటది. డబ్బుమన్న జాగల ఒక్కడు నిలబడడు, దొర వచ్చి చెప్పినా నిలబడడు."

తల్లిని పక్కకు ఒరగమని సైగ చేసి, గోడను ఎడమవైపు కొట్టాడు. ఖంగుమంది. ఇంకొంచెం జరిగి కొట్టాడు. ఖంగు. గీత పక్కన కొట్టాడు.

డబ్బుమంది.

సదానందం కర్ర దించి భానును చూసి నవ్వాడు.

"ఇగో, గిది నీ స్పీకరు. డొల్ల ఉంటది గదా ఆడ. నీ డబ్బా ఉన్నదని ఎరుక కాబట్టి ఊకున్న. లేకుంటె ఈ చప్పుడుకు నేను ఇంట్లకెల్లి అందర్ని ఎప్పుడో ఎల్లగొట్టేటోన్ని."

ముప్పై ఏళ్లకు పైగా బావిలో తోటివాళ్ల ప్రాణాలు కాపాడిన చెవి అది. అబద్ధం చెప్పనిది. ఆ చెవికి అడ్డంగా తన స్పీకరును పెట్టాడు భాను. ఇప్పుడు నోరు తెరిస్తే చాలు. కాకా, అది స్పీకరు డొల్ల కాదు, నేను పిల్లరు కోసిన. ఇంతే మాట. నాలుక చివరికి వచ్చింది. కోమల చాయ్ గ్లాసు చేతిలో పెట్టింది. "చక్కెర సరిపోయిందా బిడ్డా?" అని అడిగింది. మాట వెనక్కి పోయింది.

మధ్యాహ్నం ఓపెన్ కాస్టు గనిలో మందు కాలింది. దూరాన భూమి లోపల ఎవరో గునపంతో పొడిచినట్టు దడ్‌మని, వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి. గీతలోంచి పుట్టీ పొడి రాలి రామవ్వ తెల్లటి వెంట్రుకల మీద పడింది. కోమల చీరకొంగుతో దులిపింది, పసిపిల్ల తల దులిపినట్టు. రామవ్వకు తెలియలేదు.

భాను మెట్లెక్కి డాబా మీదికి పోయాడు. కొండల్ రాడ్లకు తీగ చుడుతున్నాడు.

"అన్నా, గీ స్లాబు వచ్చేవారం ఏసుకోరాదే."

"ఎందుకు?"

"మబ్బులున్నయి."

"మబ్బులుంటె ఇంక మంచిది, స్లాబు పగలదు. మాలు కలిపే మిల్లర్ వస్తుంది, మందికి చెప్పిన, యాట తయారున్నది. నీకేం ఫికర్?"

"మరి కింద హాల్ల ఒక నాలుగు జాకీలు నిలబెట్టరాదే. సపోర్టుకు."

కొండల్ తీగ వదిలి నిటారుగా నిలబడ్డాడు. అతని మొహంలో కోపం లేదు, కొంచెం చిన్నబోయాడు. "కిందెందుకు తమ్మీ? కింద పిల్లర్లున్నయి. నేను పోసిన పిల్లర్లు. నీళ్లు సుత నేనే పట్టిన, ఇంకోని చేతికియ్యలే. ఏనుగునెక్కియ్యి, ఏమన్న అయితె నన్నడుగు."

"అట్ల కాదన్నా…"

"ఎట్ల? నా పని మీద నీకు అనుమానమా?"

"లేదన్నా. నీ పని మీద లేదు."

"మరింకేంది?" కొండల్ నవ్వి మళ్లీ తీగ అందుకున్నాడు. "పో, కాకతోని ముచ్చట పెట్టుకో. రేపు యాట బొక్కలన్ని నీకే."

ఇంతకంటే మంచి అవకాశం దొరకదని భానుకు తెలుసు. దాన్ని కూడా జారవిడుచుకుని బండెక్కాడు. దారి పొడుగునా లెక్కలు వేసుకున్నాడు. పిల్లరు నిలబడొచ్చు. ఏడాది నిలబడింది కదా. రెండు రాడ్లు మిగిలే ఉన్నాయి కదా. మంచిర్యాల చేరేలోపు ఆ లెక్కలన్నీ ఒకే చోట తప్పాయి. నిలబడకపోతే దాని కింద రామవ్వ ఉంటుంది.

ఆ రాత్రి నర్మద మళ్లీ ఏమీ అడగలేదు. అడిగితే బాగుండునని భాను అనుకున్నాడు.

ఆదివారం పొద్దున, పని మొదలుకాక ముందే చేరాలని బయలుదేరాడు. గల్లీ మలుపు తిరగ్గానే మిల్లర్ చప్పుడు వినబడింది. కంకర, ఇసుక, సిమెంటు కలిసి తిరుగుతున్న గరగర. వాన భయంతో కొండల్ ముందే మొదలుపెట్టించాడు. ఆడామగా వరుసగా నిలబడి తట్టలు అందిస్తున్నారు. పైన అప్పటికే ఒక మూల బూడిదరంగు పరుచుకుంది. సరిగ్గా ఆ మూల కిందే హాలు.

బండిని స్టాండు వెయ్యకుండానే వదిలేశాడు. అది వెనక పడిపోయిన చప్పుడు వినబడింది. తిరిగి చూడలేదు.

హాలు నిండా ఆడవాళ్లు. చాపలు పరుచుకుని ఉల్లిగడ్డలు కోస్తున్నారు, మసాలా నూరుతున్నారు. ఎవరో ఏదో అన్నారు, అందరూ పగలబడి నవ్వారు. వాళ్ల వెనక గోడకు ఆనుకుని రామవ్వ. నిన్నటి గీత నిన్నటిలా లేదు. దాని పక్క నుంచి కొత్త గీతలు చీలాయి. పిస్తా రంగు పొర ఒకచోట ఉబ్బి, ఎండిన అట్టలా లేచింది.

భాను మెట్ల వైపు పరుగెత్తాడు. సదానందం మెట్ల మధ్యలో నిలబడి తట్టలు చూస్తున్నాడు. కొత్త తువ్వాల భుజాన ఉంది.

"వచ్చినవా బిడ్డా? రా, నువ్వు సుత ఒక తట్ట…"

"కాకా, ఆపుమను."

"ఏంది?"

"మిల్లర్ ఆపుమను. స్పీకరు పెట్టినప్పుడు పిల్లరు అడ్డమొచ్చింది. కోసిన. రాడ్లు సుత కోసిన. కుడివైపు. అవ్వ కూసున్న కాడ."

సదానందం అతని మొహంలోకి చూశాడు. చాలాసేపు చూసినట్టే అనిపించింది, నిజానికి ఒక తట్ట చేయి మారినంత సేపే. ఆ చూపులో తిట్టు లేదు. మనిషి మళ్లీ బొగ్గుబావిలోకి దిగినట్టున్నాడు. కళ్లు మారిపోయాయి, గొంతు మారిపోయింది.

"మిల్లర్ బంద్," అన్నాడు పైకి చూసి, గట్టిగా కాదు, స్పష్టంగా. "కొండల్, మందిని దించు. ఒక్కొక్కరు. అవతలి మూలకెల్లి. ఎవ్వరు ఉరకద్దు."

మిల్లర్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో సదానందం మెట్లు దిగి హాలు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి చూసి, మామూలు గొంతుతో, "లేవుండ్రి అందరు. కొబ్బరికాయ కొట్టేదున్నది, బయటికి రాండ్రి. కత్తులు గాన్నే పెట్టుండ్రి," అన్నాడు. ఆడవాళ్లు గొణుక్కుంటూ, చీరలు సర్దుకుంటూ లేచారు. ఎవరూ ఉరకలేదు, ఎవరూ తోసుకోలేదు. పైకప్పు మాట్లాడుతున్నప్పుడు పరుగెత్తే అడుగులు కూడా దానికి బరువేనని బావి మనిషికి తెలుసు.

రామవ్వకు ఏమీ వినబడలేదు. అందరూ పోతుంటే వింతగా చూస్తూ కూర్చుంది.

సదానందం అడుగు వేసేలోపే భాను లోపలికి వెళ్లాడు. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "లే అవ్వా," అని చేతులతో సైగ చేశాడు.

"యాడికి? కూర ఉడుకలే గదా ఇంక."

చెప్పడానికి వ్యవధి లేదు. ఆమె చంకల కింద చేతులు పెట్టి లేపాడు. గోడకు తన చెయ్యి తగిలింది. లోపల ఏదో సన్నగా, పళ్లు కొరికినట్టు కిర్రుమంది. అది ఏ సినిమా చప్పుడూ కాదు. రామవ్వను ఎత్తుకున్నాడు. గడ్డిమోపంత బరువు కూడా లేదు. "నా చెప్పులు," అంది ఆమె. గుమ్మం దాటాడు, వాకిలి దాటాడు, గేటు బయట అరుగు మీద కూర్చోబెట్టాడు.

గల్లీలో అందరూ గుమిగూడారు. కూలీలు సిమెంటు చేతులతో, చుట్టాలు ఉల్లిగడ్డ చేతులతో. ఏమైంది, ఏమైంది అని ఒకటే గోల. కొండల్ అందరికంటే ఆఖరున దిగాడు. మొహం ఎర్రబడి ఉంది.

"ఏంది కాకా గిది? సగంల ఆపుతరా ఎవలన్న? మాలు గట్టిపడుతది."

"కింద పిల్లరు పోయింది," అన్నాడు సదానందం.

ఆ మాట గుంపులో ఒక చివర నుంచి ఇంకో చివరకు పాకింది. సదానందం బావమరిది ఒకడు ముందుకొచ్చాడు. "కింద పిల్లరు పోసింది ఎవలు? గీ కొండలే గదా. సిమెంటు తక్కువ కలిపిండు, మిగిలింది అమ్ముకున్నడు. నేను అప్పుడే అన్న."

"మా ఆడోళ్లందరు గా హాల్లనే ఉన్నరు," అన్నారు ఇంకెవరో. "సంపుతుంటివి గదరా అందర్ని."

కూలీలు కూడా కొండల్ దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి జరిగారు. వాళ్లు ఇందాకటి దాకా ఆ స్లాబు మీదే నిలబడ్డారు మరి. కొండల్ తన చేతుల వైపు చూసుకున్నాడు. ఏ రోజు ఎంత సిమెంటు కలిపాడో, ఎక్కడ తప్పు జరిగిందో ఆ చేతుల్లో వెతుకుతున్నట్టుగా. "నేను… నీళ్లు సుత నేనే పట్టిన," అన్నాడు చివరికి, ఎవరితోనో కాదు, తనతోనే. తన తప్పే అయి ఉంటుందని నమ్మడం మొదలుపెట్టిన మనిషి గొంతు అది.

భాను సదానందం వైపు చూశాడు. నిజం తెలిసిన మనిషి ఇంకొకడు ఉన్నాడు. చెప్పెయ్యి కాకా అన్నట్టు చూశాడు. సదానందం ఆ చూపును పట్టుకున్నాడు, పక్కకు తిప్పుకోలేదు. దగ్గరికొచ్చి వినబడీ వినబడనట్టు అన్నాడు.

"నేను చెప్తె నా మాట అయితది."

అంతే అన్నాడు. వెళ్లి తల్లి పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

ఇప్పుడు పోవచ్చు. సదానందానికి తప్ప ఎవరికీ తెలియదు. అందరూ బయటే ఉన్నారు, ప్రాణాలు దక్కాయి. తన దుకాణం ఉంటుంది, పేరు ఉంటుంది, ఓంప్రకాశ్ సేటు గోడ ఉంటుంది. కొండల్ ఒక్కడే పోతాడు. ఇల్లు కూలేసే మేస్త్రీ అన్న పేరు ఒకసారి పడితే బెల్లంపల్లిలో కోళ్ల గూడు కట్టమని కూడా ఎవరూ పిలవరు.

సదానందం బావమరిది కొండల్ కాలర్ అందుకున్నాడు. కొండల్ విడిపించుకోలేదు.

"కొండలన్నను ఇడువుండ్రి," అన్నాడు భాను.

ఎవరూ వినలేదు. గుంపును తోసుకుని మధ్యలోకి పోయాడు.

"అన్నను ఇడువుండ్రి. పిల్లరు మంచిగనే పోసిండు. కోసింది నేను."

కాలర్ పట్టిన చెయ్యి వదులైంది.

"స్పీకరుకు జాగ కోసం కోసిన. గ్రైండర్‌తోని రాడ్లు కోసి పైన పుట్టీ పెట్టిన. పోయినేడు. అన్న సిమెంటుకు పోయిండు అప్పుడు. అన్నకు తెల్వది. నిన్న వచ్చి గీత చూసిన. నిన్న సుత చెప్పలే."

చివరి మాట అందరికంటే కొండల్‌కే ఎక్కువ తగిలింది. నిన్న డాబా మీద జరిగిన ముచ్చటంతా అతని మొహంలో ఒక్కొక్కటిగా తిరగడం భానుకు కనబడింది. మబ్బులు. జాకీలు. నీ పని మీద అనుమానం లేదన్న మాట.

మొదటి దెబ్బ ఎవరు కొట్టారో తెలియలేదు. వీపు మీద పడింది. రెండోది చెంప మీద. భాను చేతులు అడ్డం పెట్టుకోలేదు. అరుగు మీద నుంచి కోమల, "వద్దు, కొట్టకుండ్రి," అంటోంది. ఆ గొంతులో జాలి ఉందో, మొదలుపెట్టిన శుభకార్యం చెడుతోందన్న బాధ ఉందో అతనికి అర్థం కాలేదు. ఆమె ఈసారి బిడ్డా అనలేదు.

"సాలు," అన్నాడు కొండల్.

జనం ఆగారు. కొండల్ పోయి, గోడ వారగా పడి ఉన్న ఇనుప జాకీని లాక్కొచ్చి భాను కాళ్ల ముందు పడేశాడు. పైన స్లాబును మోసే, మర తిప్పితే పొడుగయ్యే స్తంభం. రోడ్డు మీద అది గణగణమంది.

"తీస్కో. పైన పోసిన మాలు దించుతె కప్పు ఊగుతది, ఉంచితె కుంగుతది. ముందు కింద ఆపాలె. పోయి పెట్టు."

"కొండల్, వాడు స్పీకర్ల పనోడు, వానికేం తెలుస్తది?" అన్నాడు సదానందం అరుగు మీద నుంచి. "నేను వస్త. బావిల చేసిన పని గిది."

"నువ్వు కూసో కాకా. నీ ఇల్లు కోసినోడే పోవాలె."

భాను జాకీని భుజానికెత్తుకున్నాడు. చెంప మండుతోంది. వాకిట్లోకి, అక్కడి నుంచి హాల్లోకి నడిచాడు. సగం కోసిన ఉల్లిగడ్డల ఘాటు ఇంకా అక్కడే ఉంది. గోడ నుంచి రాలిన పిస్తారంగు పెళ్లలు చాపల మీద పడి ఉన్నాయి. పుట్టీ ఊడిన చోట స్పీకరు అంచు బయటికి వచ్చింది, దాని వెనక తెగిన రాడ్డు కొన, తుప్పు పట్టి, ఎర్రగా.

దూలం కింద జాకీని నిలబెట్టబోయాడు. అది ఒరిగింది. మళ్లీ నిలబెట్టాడు. కింద పలక పెట్టాలని తెలియలేదు. చేతులు చెమటతో జారుతున్నాయి. పైన ఏదో కిర్రుమంది. అతను జాకీని వదల్లేదు.

వెనక అడుగుల చప్పుడైంది. కొండల్ రెండు చెక్కపలకలు చంకలో పెట్టుకుని వచ్చాడు. ఒకటి జాకీ కింద తోశాడు, ఇంకొకటి పైన దూలానికి ఆనించి పట్టుకున్నాడు. భాను మొహం వైపు చూడలేదు.

"అన్నా, నువ్వు పో. నేను…"

"తిప్పు."

భాను మర పట్టుకుని తిప్పాడు. ఇనుము ఇనుముతో రాసుకుంది. జాకీ తల పైకి లేచి చెక్కను తాకింది.

"అన్నా, నన్ను…"

"మాట్లాడకు. ఇంకో చుట్టు."

భాను తిప్పాడు.

"ఇంకో చుట్టు."

పైనుంచి పుట్టీ పొడి ఇద్దరి మీదా రాలుతోంది. కొండల్ చెయ్యి చెక్క మీదే ఉంది, కదల్లేదు. భాను ఇంకో చుట్టు తిప్పాడు.